వాచీల తాత పళ్ళ సెట్టు

ఆ అక్కాచెల్లెళ్ళ కుక్క బొంగరం ఇంతకు ముందు సబ్బు బిళ్ళ తింది, కళ్ళజోడు పెట్టె తింది, చెల్లెలి హాల్ టికెట్టు సగం నమిలి మింగింది. వాటికేం, ఎలాగో సర్దుకున్నారు. ఈసారి తిన్నవి మాత్రం వాచీల తాత పళ్ళు.

అక్క కట్టుడు పళ్ళు చేస్తుంది. ముందు గదిలోనే పని. పళ్ళ డాక్టరు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టరు పోసి, ఆరాక దాని మీద గులాబీ రంగు మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతుంది. ఆ రోజు ఆఖరి పన్ను గుచ్చి, మంచినీళ్ళు తాగొద్దామని లోపలికి వెళ్ళింది. వచ్చేసరికి ప్లాస్టరు నేల మీద మూడు ముక్కలై ఉంది. మైనమూ పళ్ళూ జాడే లేవు. కుక్క మూతి నాక్కుంటూ, తనకేమీ తెలియనట్టు కిటికీ వైపు చూస్తోంది.

పశువుల డాక్టరు బొంగరం పొట్ట నొక్కి చూసి, భయం లేదు, పళ్ళు వాటంతటవే బయటికొస్తాయన్నాడు.

"తాతకింకా రాలేదు గానీ, దీని కడుపుకి అప్పుడే పళ్ళొచ్చాయే అక్కా!" అని చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది.

అక్కకి నవ్వు రాలేదు. పని గదిలో కుక్క తిరుగుతోందని తెలిస్తే పళ్ళ డాక్టరు మళ్ళీ పని పంపడు. అందుకే ఆయన ఫోను చేసినప్పుడు నోటికొచ్చింది అనేసింది.

"అచ్చు సరిగ్గా పడలేదండీ. పెద్దాయన కదిలినట్టున్నారు."

మూడో రోజు పొద్దున ఆ పెద్దాయనే గుమ్మంలో నిలబడ్డాడు. నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసిన మనిషి. ఆవగింజంత మర బిగించేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడని అందరూ చెప్పుకుంటారు.

"అమ్మాయ్, నావల్ల నీ పని పాడైందట. డాక్టరు మా కోడలి ముందే కేకలేశాడు, కాస్త కదలకుండా కూర్చోలేరా అని. రెండు రోజుల్నించీ ఇంట్లో పిండి ముద్ద నోట్లో పెట్టుకుని కూర్చుంటున్నా. వంద లెక్కపెట్టేదాకా కదలట్లేదు. ఈసారి చెడనివ్వనులే."

అక్కకి నేల చీలితే బాగుండుననిపించింది. బల్ల అంచు పట్టుకుంది.

"మీరు కదల్లేదు తాతగారూ. అచ్చు బాగానే పడింది. మా కుక్క తినేసింది. నేనే అబద్ధం చెప్పాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"డాక్టరుకి ఫోను చెయ్యి. నాకు వినపడేలా పెట్టు."

చేసింది. మైనం సంగతీ, బొంగరం సంగతీ చెప్పింది. అవతల డాక్టరు పగలబడి నవ్వాడు. "కుక్క తినేసిందా! భలేవాళ్ళమ్మా మీరు!" ఆ నవ్వు వినగానే ప్రాణం లేచొచ్చి, అక్క కూడా నవ్వబోయింది.

తాత నవ్వలేదు.

"నేను కదల్లేదని చెప్పు. అసలు మాట నువ్వింకా చెప్పలేదు."

అక్క తల దించుకుని, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, ఆ మాట కూడా చెప్పింది.