ఆమెకు రాని ఫోన్

"పొయ్యి మీద పాలున్నాయి, ఓ కంట చూస్తుండమ్మా. ఆ పెట్టె ఎక్కడికీ పారిపోదులే," అంది అత్తగారు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

ఆ పెట్టెలో, అంటే ల్యాప్‌టాప్‌లో, కోడలు పొద్దున్నుంచీ ఒక జూనియర్ రాసిన కోడ్ తనిఖీ చేస్తోంది. కంప్యూటర్‌కి ఆయువుపట్టులాంటి కెర్నెల్‌లోకి వెళ్లేది అది. ఒకే యంత్రం లోపల పది యంత్రాలు నడిపించగల శక్తి ప్రాసెసర్‌లో ఉంటుంది. ఈ కోడ్ ముక్క లోడ్ అవుతున్నప్పుడే, ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే ఒక్కో భాగంలో, అంటే ఒక్కో కోర్‌లో, ఆ శక్తిని ఆన్ చేసుకుంటూ పోవాలి. మధ్యలో ఒక కోర్ మొరాయిస్తే? ఈ కోడ్ చేతులు దులుపుకుని వెళ్లిపోతోంది. అప్పటికే ఆన్ అయినవాటిని ఆపే నాథుడు లేడు. ఆ తర్వాత యంత్రాన్ని రీబూట్ చేస్తే అసలు లేవకపోవచ్చు. ఇది వెళ్లేది ఆసుపత్రుల సర్వర్లలోకి.

స్టవ్ కట్టేసి వచ్చి రాసింది: "ఆన్ చేసినవాటిని ఆపే దారి రాసేదాకా దీన్ని ఒప్పుకోను."

టీమ్ లీడ్ నుంచి జవాబు రాలేదు. కాసేపటికి బాల్కనీలోంచి భర్త వచ్చాడు, చేతిలో ఫోన్‌తో.

"మీ లీడ్ చేశాడు. సాయంత్రం రిలీజట కదా. మేడమ్ మొండికేశారు, మీరు చెబితే వింటారు అన్నాడు. ఓకే కొట్టేయరాదూ? పాపం, ఎంత మర్యాదగా మాట్లాడాడో!"

"నా పని గురించి మీకెందుకు చేశాడు?"

"నీకు చేస్తే వాదిస్తావని."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈయన టైల్స్ అమ్ముతాడు. వైఫై ఆగితే "ఒకసారి చూడు" అని వంటింట్లోకి కేకేస్తాడు. అలాంటి మనిషికి ఆ లీడ్ ఫోన్ చేసి, పెంకి పిల్ల మీద తండ్రికి చాడీలు చెప్పినట్టు చెప్పాడన్నమాట! కిందటేడు ఆమె పట్టుకున్న తప్పును మీటింగులో "మనం పట్టుకున్నాం" అన్నదీ అతనే. ప్రమోషన్ అడిగితే "మీకు ఇల్లు కూడా ఉంది కదా మేడమ్" అన్నదీ అతనే. అతనికి ఇల్లు లేదా, చెట్టు కింద ఉంటున్నాడా? ఇంట్లో చూస్తే, ప్లంబర్ వస్తే ఆమె, అత్తగారి ఇంజక్షన్‌కి ఆమె, "ఇంట్లోంచే కదా నీ పని" అని ఈయన. అక్కడ ఇల్లుందని పక్కన పెట్టారు, ఇక్కడ ఆఫీసును లెక్కలోంచే తీసేశారు. రెండు చోట్లా ఆమె నోటికి తాళం, తాళంచెవి మాత్రం ఈయన జేబులో!

"అమ్మాయ్, పోనీలే, సర్దుకుపోవాలి," అంది అత్తగారు.

ఆమె మళ్లీ ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. టీమంతా చూసే చోట, తన అభ్యంతరం కిందే, తాపీగా టైప్ చేసింది: "ఈ కోడ్‌కి నన్ను ఒప్పించమని టీమ్ లీడ్ నా భర్తకు ఫోన్ చేశారు. ఆయన ఇక్కడ ఉద్యోగి కాదు. ప్రశ్నలుంటే నన్నే, ఇక్కడే అడగండి. నా జవాబు మారలేదు." ఒక్కసారి చదువుకుని పంపేసింది.

రెండు నిమిషాలు కాలేదు, భర్త ఫోన్ మోగింది. పేరు చూసి ఆయన మొహం పాలిపోయింది.

"మళ్లీ అతనే! ఏం రాశావ్? ఇదిగో, నువ్వు మాట్లాడు."

పెళ్లయినప్పటి నుంచీ ఆయన్ని "మీరు" అనే పిలిచిన మనిషి, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తింది.

"నీకే కదా చేశాడు. నువ్వే మాట్లాడు."