మామ పట్టుకున్న గజంబద్ద

రంజని సివిల్ ఇంజనీరింగ్ చదువు ఒక్క పేపరు దగ్గర ఆగిపోయింది. పాప కడుపులో ఉన్నప్పుడు స్ట్రక్చరల్ అనాలిసిస్ పరీక్ష రాయలేకపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. గుడియాత్తం బజారులో లుంగీల అంగడి నడిపే మామ చెంగల్రాయలే ఒకరోజు కదిపాడు.

"ఆ ఒక్కటీ రాసేయమ్మా. పాపను నేను చూసుకుంటా."

అత్తగారు ఎప్పుడో పోయింది. భర్త నందకుమార్ సరుకుతో ఊళ్లు తిరుగుతాడు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక రంజని అంగడిలోనే పుస్తకం తెరిచేది. ఫ్లెక్సిబిలిటీ మాట్రిక్స్ దగ్గరికి రాగానే లెక్క తప్పేది. కొట్టేయడం, మళ్లీ మొదలుపెట్టడం.

"నీలో నువ్వే గొణుక్కుంటే ఎట్లమ్మా? నాకు చెప్పు."

"మీకు అర్థం కాదు మామా."

"కాకుంటే పోనీ. చెప్పేదానికి ఎదురుగా ఒక మనిషి ఉండల్ల కదా."

రంజనికి నవ్వొచ్చింది. చెప్పసాగింది.

"నాలుగు స్తంభాల మీద ఒక దూలం ఉండాది మామా. నడిమి రెండూ లేవనుకోవాల. అప్పుడు ఆ రెండు చోట్లా దూలం ఎంత కుంగుతుందో చూడాల. మళ్లా ఒక్కోచోట కిందనుంచి నెడతాము. ఎంత బలంతో నెడితే ఆ కుంగు పోతుందో, అదే ఆ స్తంభం మోసే బరువు."

"ఈడ నెడితే ఆడ గూడా లేస్తుందా?"

రంజని ఆగిపోయింది. ఏ స్తంభానికి ఆ స్తంభాన్ని విడిగా చూసి, ఇన్నాళ్లూ మాట్రిక్స్‌లో ఒకదాని ప్రభావం ఇంకొకదాని మీద చూపే గళ్లలో సున్నాలు వేస్తూ వచ్చింది. చప్పున అంగడిలోని సన్నటి గజంబద్ద తీసి, రెండు కొసలూ ఆయన చేతికిచ్చింది. ఒకచోట వేలితో పైకి నెట్టింది. రెండోచోట కూడా బద్ద లేచింది.

"లేస్తుంది మామా! ఈడ నెడితే ఆడ ఎంత లేస్తుందో, ఆడ నెడితే ఈడా అంతే."

సున్నాలు కొట్టేసి మళ్లీ చేస్తే జవాబు సరిగ్గా వచ్చింది. ఆమె ముఖం చూసి చెంగల్రాయలు, "సరి, ఇంగొకటి చెప్పు" అన్నాడు. అప్పటినుంచి రోజూ పాఠమే. ఎవరైనా బేరానికొస్తే, "రవంత ఉండప్పా, లెక్క సగంలో ఉండాది" అనేవాడు.

పరీక్ష రోజు ముగ్గురూ బస్సెక్కి వేలూరు వెళ్లారు. రంజని తృప్తిగా రాసి బయటికొచ్చేసరికి చెంగల్రాయలు వరండాలో అటూ ఇటూ నడుస్తున్నాడు. భుజం మీద పాప నిద్రపోతోంది. చొక్కా చొంగతో తడిసింది.

"కూర్చోకపోయినారా మామా?"

"కూర్చుంటే లేస్తా ఉండాదమ్మా."

పాపను అందుకున్నాక కూడా ఆయన చెయ్యి కిందికి దిగలేదు, తిమ్మిరెక్కిపోయింది. రంజని ఆ చేతిని మెల్లగా ఒత్తింది.

"మా నాయన బతికుంటే గూడా ఇంతకంటే చేసుండడు."

"అట్లనొద్దమ్మా. ఆయనా చేసుండును."

ఫలితం వచ్చిన రోజు రంజని అంగడికి పరుగున వచ్చింది. "పాసైనా మామా" అంటూ, జనం తిరుగుతున్న బజారులోనే వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది.

"లేమ్మా, అందరూ చూస్తా ఉండారు" అంటూ చెంగల్రాయలు కంగారుగా ఆమెను లేపాడు. చేతికందిన కొత్త లుంగీతోనే కళ్లు తుడుచుకున్నాడు.