తిరగేసిన దణ్ణం

కోటుకి ఐదో కాజా కుడుతోంది ఆమె. నడిమివేలికి తొడిగిన ఇత్తడి అంగుస్తానాతో సూదిని నెడుతోందే గాని, సూది పట్టుకున్న వేళ్ళు మొద్దుబారి, పట్టుకున్నట్టే తెలియడం లేదు. దారం ముడి పళ్ళతో లాగి బిగించింది. దర్జీ దుకాణంలో అందరికీ ఆమె కాజాల పిన్ని. ఆ వేళ్ళ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

కనిపెట్టింది కోడలే. మధ్యాహ్నం వచ్చి ఆసుపత్రికి లాక్కుపోయింది. పరీక్షలుంటాయనగానే పిన్నికి చిన్నప్పటి భయం పట్టుకుంది. బళ్ళో ఒక్క పరీక్షా గట్టెక్కిన మనిషి కాదు. ఇదీ తప్పితే సూది వదిలెయ్యమంటారు. ఏమడిగినా ఏం లేదనే చెప్పాలనుకుని, ఎలాగైనా నెగ్గించమని దేవుడికి మొక్కుకుంది. అబద్ధానికి ఆయన్ని తోడు పిలవొచ్చా అన్న అనుమానం వచ్చింది గాని, దాన్ని తర్వాతకి వాయిదా వేసింది.

డాక్టరమ్మ ఆమె మణికట్టు మీద వేలితో తట్టింది. వేళ్ళ కొసలదాకా జివ్వుమంది. ఏం లేదంది పిన్ని, నవ్వుతూ.

చేతులు కలపమంటే దణ్ణం పెట్టింది. అలా కాదని, మణికట్లు వంచి, అరచేతుల వెనకవైపులు ఆనించి, వేళ్ళు కిందికి దించి నిమిషం ఉంచమంది డాక్టరమ్మ.

"ఇదేం దణ్ణం తల్లీ, దేవుడితో పోట్లాడినప్పుడు పెట్టేదా?"

కోడలు పకపకా నవ్వింది. నిమిషం కాకముందే బొటనవేలు, పక్క రెండు వేళ్ళూ చచ్చుబడ్డాయి. ఏం లేదనే చెప్పింది.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తే ఏం చేస్తారని మాటవరసకి అడిగింది. గండం గడిచిందన్న సంబరంలో ఉన్న పిన్ని తడిచెయ్యి విదిలించినట్టు గబగబా విదిలించి చూపించింది.

"ఇదీ పరీక్షేనండీ," అంది డాక్టరమ్మ.

"కాపీ కొట్టి కూడా తప్పారత్తయ్యా!"

పిన్నికి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మణికట్టులో నరం నలుగుతోందనీ, రాత్రిళ్ళు పట్టీ కట్టుకుని, సూది పని ఇప్పుడే మానితే చెయ్యి నిలుస్తుందనీ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది.

సాయంత్రం దుకాణానికొచ్చి, సగంలో ఆగిన ఆ ఐదో కాజా పూర్తిచేసింది. కోటు మడిచి, బట్ట కత్తిరించే మాస్టరుకిచ్చి, రేపట్నించి రానంది. జరిగిందంతా విన్న మాస్టరు కత్తెర కింద పెట్టాడు. తర్వాత తన చేతులూ తిరగేసి ఆనించి, నిమిషం నిలబడ్డాడు.

"నాకేం లేదు పిన్నీ."

"నేనూ అదే అన్నాను మాస్టరూ," అంటూ ఆమె చెప్పులేసుకుంది.

బల్ల మీద, గుండీల డబ్బా పక్కన, ఒళ్ళంతా సూదిపోట్ల గుంటలతో, వేలి వెచ్చదనం ఇంకా ఆరని ఇత్తడి అంగుస్తానా బోర్లా పడి ఉంది.