ముద్ర వంకరగా పడ్డ సాసర్

మూడో రాక్, రెండో అర, గోడవైపు చివర. సాసర్ అక్కడ లేదు.

దాని చోట చక్కెర గిన్నెల మూతలున్నాయి. పెద్దవి వెనక, చిన్నవి ముందు, క్లాసు ఫోటోకి నిలబడ్డ పిల్లల్లా. ఒక్కదాని మీదా దుమ్ము లేదు.

చేతిలో ఉన్న అట్టపెట్టె కింద పెట్టాను. మూతపడుతున్న ఓ పాత హోటల్లో సామాను అమ్ముతున్నారని పొద్దున్నే పోయి తెచ్చిన సరుకు అది. దార్లో ఉండగానే ఫోన్‌కి ఆర్డరు వచ్చింది. నీలం ఆకుల అంచున్న సాసర్, నంబరు మూడు వందల పదిహేడు. సాయంత్రం కొరియర్ మనిషి రాగానే ఇచ్చేయాలి. మామూలుగా అయితే అందులో పెద్ద పనేం లేదు. కళ్ళు మూసుకుని కూడా ఆ సాసర్ తీసి చుట్టేయగలను. ఆ మాట నిన్నటిదాకా నిజం.

లైటు వేశాను. వెనక గదంతా ధగధగా మెరిసిపోతోంది. ఒక్క అరా నేను సర్దినట్టు లేదు.

నేను అమ్మేది ఒంటి పింగాణీ. జతలూ సెట్లూ అమ్మేవాళ్ళు బోలెడుమంది. అమ్మమ్మ నాటి సెట్లో ఒక కప్పు పగిలితే, ఆ ఒక్క కప్పూ ఎక్కడా దొరకదు. కంపెనీ ఆ డిజైన్ ఎప్పుడో ఆపేసి ఉంటుంది. అలాంటివాళ్ళు ఇంటర్నెట్లో వెతికి వెతికి చివరికి నా దగ్గరికి వస్తారు. ఒక సాసర్, ఒక మూత, చెవి ఉన్న ఒక కప్పు. అన్నీ వాడినవే కాబట్టి ఏ రెండూ ఒకటి కావు. ఒకదానికి అంచు చెక్కు పోయి ఉంటుంది, ఇంకోదానికి వెంట్రుకంత బీట ఉంటుంది. అందుకే ప్రతి ముక్కకీ వేరే ఫోటో, అడుగున వేరే నంబరు స్టిక్కరు. కొన్నవాళ్ళకి ఫోటోలో ఉన్న ముక్కే వెళ్ళాలి. దాని కవల వెళ్ళినా తప్పే.

మొదట్లో నాకది తెలియక ఒకేలాంటివన్నీ ఒకచోట పెట్టేదాన్ని. హడావుడిలో పక్కదాన్ని చుట్టి పంపేదాన్ని. రెండుసార్లు గొడవైంది. ఫోటోలో ఉన్నదొకటి, ఇంటికొచ్చింది ఇంకొకటి అని ఫిర్యాదు. నేను సరుకు పెట్టి అమ్మే వెబ్‌సైటువాళ్ళు మర్యాదగానే రాశారు. ఇంకోసారి ఇలా జరిగినా, ఒప్పుకున్న సరుకు ఇవ్వలేకపోయినా, మీ దుకాణం మూసేస్తాం అని. మా ఆయన పని సగం షిఫ్టుకి పడిపోయాక ఈ ఇల్లు నడుస్తున్నది ఆ దుకాణం మీదే.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. వచ్చిన వరసలోనే సరుకు పెట్టడం. చక్కెర గిన్నె పక్కన సాసర్, సాసర్ పక్కన టీ జగ్గు మూత. కవలలు కావాలనే వేర్వేరు రాకుల్లో. చూసేవాళ్ళకి పాతసామాన్ల కొట్టులా ఉంటుంది. నాకు మాత్రం నంబరు చెబితే చెయ్యి అక్కడికే పోతుంది.

"బాగుందా?" గుమ్మంలోంచి వదిన గొంతు.

వదినంటే మా ఆయన అక్క. లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరయింది. వాళ్ళింట్లో గోడలకి రంగులు వేస్తున్నారని మా ఇంట్లో దిగింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, చేతిలో తడిగుడ్డతో నిలబడి ఉంది. పెద్ద పని ముగించిన మనిషి ముఖంలో ఉండే వెలుగు ఆవిడ ముఖంలో ఉంది.

"వదినా, ఇదంతా మీరే చేశారా?"

"ఇంకెవరు చేస్తారు? మీ ఆయన చేస్తాడా? తిన్న కంచం తియ్యడు వాడు." లోపలికొచ్చి ఒక్కో అరా చూపించింది. "ఇవి కప్పులు. ఇవి సాసర్లు. పువ్వులవి ఇటు, గీతలవి అటు, ఏ డిజైనూ లేనివి కింద. ఎలా వెతుక్కుంటున్నావమ్మా ఇన్నాళ్ళూ ఆ కలగాపులగంలో? నాకు చూస్తేనే కళ్ళు తిరిగాయి."

నేను ఒక కప్పు తీసి తిరగేశాను. అడుగున స్టిక్కరు లేదు. ఇంకోటి తిరగేశాను. దానికీ లేదు.

"స్టిక్కర్లేవి?"

"అవా, వేడినీళ్ళలో నానబెడితే వాటంతటవే ఊడొచ్చాయి. జిగురు కూడా గోకాను. గిన్నెలకి కాగితాలు అంటించి అమ్ముతారా ఎవరైనా?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అరిస్తే ఆ ముఖంలో వెలుగు ఆరిపోతుంది. అరవకపోతే నా బుర్ర పేలిపోతుంది. మధ్యేమార్గంగా పళ్ళు నూరుకున్నాను.

"తలనొప్పా?" అంది వదిన. "టీ పెట్టనా?"

"వద్దు వదినా. నీలం ఆకుల సాసర్లు ఎక్కడ?"

ఆవిడ క్షణంలో చూపించింది. అదే కదా ఆవిడ ప్రతాపం. నీలం ఆకుల సాసర్లన్నీ ఒకే దొంతరగా, వరసగా, నేను ఇన్నాళ్ళూ ఒకదాని ముఖం ఒకటి చూడకుండా దాచిన కవలలన్నీ ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చుని ఉన్నాయి.

ఫోన్లో ఫోటో తెరిచాను. కొన్నావిడ రాసిన మాట దాని కిందే ఉంది. 'చాలాకాలంగా వెతుకుతున్నాం. అంచు చెక్కు లేనిదే కావాలి.' ఫోటోలోని సాసర్‌కి అంచు శుభ్రంగా ఉంది. ఇంకో గుర్తు కూడా ఉంది. అడుగున కంపెనీ ముద్ర వంకరగా పడింది. ఫ్యాక్టరీలో ముద్ర వేసినవాడికి ఆ పూట ఎవరో అడ్డం వచ్చినట్టున్నారు.

మొదటి సాసర్ తీశాను. ముద్ర తిన్నగా ఉంది. రెండోదానికి అంచు చెక్కు పోయింది. మూడోదానికి బీట. తర్వాతది చూడ్డానికి బాగానే ఉంది, తిరగేశాను, ముద్ర తిన్నగానే ఉంది, అంచు మీద వేలు పెట్టి రాస్తే చిన్న గరుకు తగిలింది. దొంతర అయిపోయింది. వంకర ముద్ర లేదు.

మళ్ళీ మొదటినుంచి చూశాను. లేనిది రెండోసారి చూస్తే వస్తుందా.

"వదినా, ఇవేనా? ఇంకెక్కడైనా పెట్టారా? పగిలిందా ఏదైనా?"

"నా చేతిలోనా?" వదినకి రోషం వచ్చింది. "ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క పుస్తకం అట్ట చిరగనివ్వలేదు నేను. పగలగొట్టడమేమిటి?"

"మరి ఒకటి తక్కువుంది."

ఆవిడ తడిగుడ్డ మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"కింద టైలరమ్మ లేదూ," అంది చివరికి, "నా సంచి జిప్పు బాగుచేసి డబ్బు తీసుకోనంది. ఊరికే ఎలా ఉంటాం? ఇక్కడ ఒక కప్పూ ఒక సాసరూ కాస్త కలిసినట్టు కనబడ్డాయి. అన్నీ ఒంటివేగా, ఎవరికి పనికొస్తాయిలే అని జత చేసి ఇచ్చొచ్చాను. ఎంత మురిసిపోయిందో."

ఎవరికి పనికొస్తాయి. ఆ ప్రశ్న మీదే నడుస్తోంది ఈ ఇల్లు.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను.

టైలరమ్మ కొట్టు మెట్ల కిందే. లోపల మిషను గడగడలాడుతోంది. బల్ల మీద గుడ్డముక్కల మధ్య నా సాసర్ ఉంది. అందులో గుండీలున్నాయి. గుండీల మీద గుప్పెడు గుండుసూదులున్నాయి. ఆవిడ చూడకుండానే చెయ్యి చాపి ఒక సూది తీసింది. అది గాజుపూత మీద గీసుకుంటూ వచ్చిన చప్పుడు నా వెన్నులో వినబడింది.

"రా అమ్మా రా," అంది మిషను ఆపి. "మీ ఆడపడుచు బంగారం. ఇన్నేళ్ళుగా ఈ వీధి మొత్తానికి జిప్పులు వేశాను, ఒక్కరూ తిరిగి ఇది ఉంచుకోమన్న పాపాన పోలేదు. కప్పు దాచుకున్నాను. సాసర్ మాత్రం ఎదురుగా పెట్టుకున్నా, చూసినప్పుడల్లా బాగుంటుందని."

నోరు తెరిచాను. "జిప్పు బాగా కుదిరింది," అనే మాట వచ్చింది. దేవుడా.

"ఇంకేమైనా కుట్టాలా?"

"లేదక్కా. ఊరికే వచ్చాను."

పైకొస్తూ మా ఆయనకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"కవల ఒకటి ఉందన్నావుగా, అది పంపెయ్," అన్నాడు. "వేలు పెట్టి రాస్తే గానీ తెలియదంటున్నావ్. ఆవిడ రాస్తుందా ఏంటి?"

"ఏళ్ళ తరబడి ఒక్క సాసర్ కోసం వెతికినావిడ రాయకుండా ఉంటుందా?"

"అయితే అక్కనే వెళ్ళి వెనక్కి అడగమను."

"మీరు చెప్పండి మీ అక్కకి."

"నాకు సూపర్‌వైజర్ పిలుస్తున్నాడు," అన్నాడు. లైన్ కట్ అయింది. ఆ సూపర్‌వైజర్ మా ఆయన్ని సరిగ్గా ఇలాంటప్పుడే పిలుస్తాడు, పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను.

వదిన హాల్లో కూర్చుని ఉంది. నేను దాచకుండా చెప్పేశాను. ఆర్డరు సంగతి, పాత రెండు గొడవలు, మూడోసారైతే ఏమవుతుందో, ఆ నంబర్లు ఎందుకో. ఆవిడ ముఖంలో రంగు మారుతూ వచ్చింది. కానీ వెళ్ళి అడగమంటే మాత్రం కదల్లేదు.

"ఇచ్చింది వెనక్కి అడగమంటావా? నా ముఖం ఎక్కడ పెట్టుకోను? నువ్వడుగు. నీ సామానేగా."

"ఇచ్చింది మీరుగా."

"ఇంకోటేదైనా బదులిద్దాం. ఆ ఆకుపచ్చ కప్పు..."

"అది అమ్మకానికి పెట్టాను వదినా."

"గులాబీలది?"

"అదీ పెట్టాను."

"మరి మనం తాగే కప్పులు?"

ఇద్దరం వంటింటి వైపు చూశాం. మా ఇంట్లో వాడే కప్పుల్లో ఒక్కదానికీ చెవి లేదు. అమ్ముడుపోనివే మా వాటా. వదిన వచ్చిన రోజే దాని మీద జోకు వేసింది. ఇప్పుడు వెయ్యలేదు.

కొరియర్ మనిషి ఫోన్ చేశాడు. పక్క వీధిలో ఉన్నానన్నాడు.

నాకిక ఓపిక అయిపోయింది. "మీ లైబ్రరీలో ఎవరో వచ్చి, పుస్తకాల వీపుల మీద నంబర్లన్నీ గీకేసి, పొడుగ్గా ఉన్నవి ఒకవైపు, పొట్టివి ఒకవైపు సర్ది, మధ్యలో ఒకటి తీసి పక్కింటివాళ్ళకి ఇచ్చేస్తే మీరేం చేసేవాళ్ళు వదినా?"

"నంబర్లు గీకడమా?" ఆవిడ అదిరిపడింది. "నేనైతే ఆ మనిషినే పంపేదాన్ని. ఎవరిచ్చారో వాళ్ళే పోయి తేవాలని..."

మాట అక్కడ ఆగిపోయింది.

వదిన లేచి కుచ్చెళ్ళు దించుకుంది. జుట్టు సవరించుకుంది. ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టు తిన్నగా మెట్లు దిగింది. చేతిలో బదులివ్వడానికి ఏమీ లేదు.

నేను మెట్ల మలుపులో నిలబడి విన్నాను. సిగ్గులేకుండా విన్నాను.

"అమ్మా, నాదొక తప్పయింది," వదిన గొంతు. "నీకు ఇచ్చిన సాసర్ నాది కాదు. మా మరదలిది. అప్పటికే ఎవరికో అమ్మిందట. నేను అడక్కుండా తీసిచ్చాను."

మిషను ఆగింది.

"ఇచ్చి వెనక్కి తీసుకునేవాళ్ళని ఇవాళే చూస్తున్నానండీ," అంది టైలరమ్మ. గొంతులో నవ్వు లేదు. "అందుకా ఆ పిల్ల ఇందాక వచ్చి జిప్పు బాగుందని వెళ్ళింది?"

"అయ్యుంటుంది."

గుండీలు బల్ల మీద పోసిన చప్పుడు. "తీసుకెళ్ళండి. కప్పు?"

"కప్పు సంగతి తెలీదు. అడిగి చెబుతాను."

"అయితే అదీ తీసుకెళ్ళండి. సగం బహుమతి నాకెందుకు?"

వదిన పైకొచ్చింది. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. రెండూ నా చేతిలో పెట్టి బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను సాసర్ కిటికీ దగ్గర పెట్టి చూశాను. ముద్ర వంకరగానే ఉంది. అంచు బాగుంది. మధ్యలో సూదుల గీతలేమైనా పడ్డాయేమోనని అటూ ఇటూ వాల్చాను, ఊదాను, చీరకొంగుతో తుడిచాను. ఒక గీత కనబడింది. మళ్ళీ తుడిస్తే పోయింది, దారప్పోగు. కాగితంలో చుట్టాను, బబుల్ షీటులో చుట్టాను, పెట్టెలో పెట్టి చుట్టూ కూరాను. కొరియర్ మనిషి గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

"అంత చుట్టేశారు, లోపల ఏమైనా ప్రాణం ఉందా మేడమ్?" అన్నాడు.

"నాది ఉంది," అన్నాను.

అతను నవ్వి, స్కాన్ చేసి, పెట్టె సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. వేసిన తీరు చూస్తే అరవాలనిపించింది గానీ, ఓపిక లేదు.

దుకాణం నిలబడింది. ఇవాళ్టికి. వెనక గదికి వెళ్ళి ఆ మెరుపులన్నీ చూశాను. ఇంకో ఆర్డరు వస్తే ఇదే తిప్పలు. ఫోన్ తీసి దుకాణానికి సెలవు బోర్డు పెట్టాను. ప్రతి ముక్కనీ దాని ఫోటోతో పోల్చి, చెక్కూ బీటా మచ్చా చూసి, మళ్ళీ స్టిక్కరు అంటించాలి. ఎన్నాళ్ళు పడుతుందో తలుచుకుంటే ఏడుపొచ్చింది. వచ్చినా కూర్చుని ఏడ్చే తీరిక లేదు. టైలరమ్మ వెనక్కిచ్చిన కప్పు ముందు పెట్టుకుని ఫోటోలు తిప్పడం మొదలుపెట్టాను.

వదిన వచ్చి పక్కన చతికిలబడింది. ముఖం కడుక్కున్నట్టుంది. కళ్ళద్దాలు పెట్టుకుని నా ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"ఆగు. ఇది కాదు. దీని చెవి కింద మచ్చ ఉంది, దీనికి లేదు. పైకి జరుపు. ఇంకా. అదిగో, అదే."

అదే. రెండు వందల నలభై. కొత్త స్టిక్కరు మీద నంబరు రాసి అంటించాను. ఆవిడ అది పట్టుకుని లేచింది.

"ఎక్కడ పెట్టను?"

"మొదటి రాక్, కింద అర."

"అక్కడ టీ జగ్గులున్నాయి."

"ఉండనివ్వండి."

"ఇక్కడ దీని తోడబుట్టినవి ఉన్నాయి కదమ్మా, వీటి పక్కనైతే..."

"వదినా."

"సరే, సరే," అని వంగి కప్పుని జగ్గుల మధ్య పెట్టింది. పెట్టి వెనక్కి జరిగి చూసింది. ఒక్క క్షణం ఆగి, దాని చెవి మిగతావాటి చెవులు చూస్తున్న వైపుకి తిప్పింది.