వచ్చినవాళ్ళని రాలేదనడం

పొద్దున ఏడింటినుంచీ మిగ్దాలియా నిలబడే ఉంది. ఒర్లాండోలోని ఆ వినోదాల పార్కులో, కోటలా కట్టిన హోటలు వాకిట్లో, భోజనానికి ముందే బల్లలు బుక్ చేసుకున్నవాళ్ళ పేర్లు చూసి లోపలికి పంపడం ఆమె పని. లోపల యువరాణి వేషం వేసినామె బల్లబల్లకీ వచ్చి పలకరిస్తుంది. గంటకి పదిహేడు డాలర్లు. పదిహేను నిమిషాలకి మించి ఆలస్యంగా వచ్చినవాళ్ళని పంపకూడదు. కంప్యూటర్ తెరమీద 'రాలేదు' అని నొక్కాలి. పేరూ పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది.

పోర్టోరికోలో తుఫాను ఇల్లు పడగొట్టాక వచ్చి, లాడ్జిగదిలో ఒక్కతే ఉంటోంది. రోజూ కొన్ని వందలమందికి స్వాగతం చెబుతుంది. గదికి చేరితే పలకరించే దిక్కుండదు. ఒక్కోసారి టీవీలో వాతావరణం చెప్పేవాడికి బదులు చెబుతుంది.

రెండింటికి ఒకావిడ వానలో తడిసి వచ్చింది. ముందు చక్రాలకుర్చీలో పాతికేళ్ళ కూతురు.

"లొరీన్ పికెట్ పేరుమీదండీ. ఒంటిగంటా ఇరవైకి. రెండు బస్సులు మమ్మల్ని ఎక్కించుకోకుండానే పోయాయి. కుర్చీ ఎక్కించే పలక దిగలేదన్నారు."

ఆవిడ గొంతులో బతిమాలడం లేదు. ఆ మాటలు చాలా గుమ్మాల ముందు చెప్పి చెప్పి అరిగిపోయినట్టున్నాయి.

"లోపల యువరాణి వెళ్ళిపోయిందా?" అని అడిగింది కూతురు.

"లేదమ్మా, ఇంకా ఉంది," అంది మిగ్దాలియా.

సూపర్‌వైజరు కోర్బిన్ వచ్చి తెర చూశాడు. "నలభై నిమిషాలు ఆలస్యం. రాలేదని కొట్టెయ్."

"బల్ల ఖాళీగానే ఉంది."

"ఇవాళ వీళ్ళు, రేపు ఇంకో వందమంది బస్సు కథలు చెబుతారు. నీకిప్పటికే రెండు హెచ్చరికలున్నాయి, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆ రెండూ తను పనికి ఆలస్యమైనందుకే. బస్సు రాలేదని చెబితే అతను తలెత్తకుండానే హెచ్చరిక కాగితంమీద సంతకం చేశాడు.

ఆమె తెరమీదనుంచి చెయ్యి తీసేసింది.

"నేను కొట్టను."

"ఏంటీ?"

"ఎదురుగా ఉన్నారుగా. వచ్చినవాళ్ళని రాలేదని ఎలా కొడతాను? కావాలంటే నువ్వు కొట్టు. వాళ్ళ మొహం చూసి కొట్టు."

కోర్బిన్ వేలు తెరమీదకి వెళ్ళి ఆగింది. అతను నొక్కుతాడో లేదో చూడ్డానికి మిగ్దాలియా ఆగలేదు. రెండు మెనూ కార్డులు తీసుకుని, చక్రాలకుర్చీని తోయడానికి దాని వెనకకి వెళ్ళింది.

"గచ్చు జారుతుంది, మెల్లగా వెళ్దాం," అంది. ఆ అమ్మాయి వెనక్కి చెయ్యి చాచి ఆమె వేళ్ళు పట్టుకుంది. మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో, మిగ్దాలియాకి ఒక్క క్షణం అడుగు పడలేదు.

వెనకనుంచి కోర్బిన్ ఆమె పేరు పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఆమె అప్పటికి బల్లదగ్గరున్న కుర్చీ ఒకటి పక్కకి లాగి, చక్రాలకుర్చీకి చోటు చేస్తోంది.