ఆవాల డబ్బాలో మువ్వ

నేను ఒక పిల్లి మెడపట్టీని. ఉండాల్సింది పిల్లి మెడలో, ఉన్నది ఆవాల డబ్బాలో. బయట ఈ ఇంటావిడ కామాక్షి చింతపండులో గింజలు తీస్తోంది. ఒక్కో గింజా గిన్నెలో పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నా చప్పుడే ఎవరికీ వినిపించదు. మువ్వలోకి ఆవాలు దూరి బిగుసుకుపోయాయి.

నన్ను కుట్టింది వెనక వీధిలో జాకెట్లు కుట్టే హైమావతి. పచ్చటి చీర అంచుకి తన చిన్ననాటి మువ్వ కుట్టి, ఓ హుక్కు పెట్టింది. నన్ను మిరియం అనే నల్లపిల్లి మెడలో వేసి, దాన్ని అద్దం ముందుకి ఎత్తి మురిసిపోయింది. పిల్లి మాత్రం గోడమీద బల్లిని చూసింది.

టీకా కోసం వెళ్లినప్పుడు పశువుల డాక్టరు చిప్పు సంగతి చెప్పారు. బియ్యపు గింజంత ఉంటుందట. సూదితో చర్మం కిందికి ఎక్కిస్తే ఇక ఎవరూ ఊడదీయలేరట. పిల్లి తప్పిపోయినా, ఆసుపత్రిలో మిషను పెట్టి చూస్తే నంబరు వస్తుంది, ఆ నంబరుకింద రాయించిన పేరును బట్టి అది ఎవరిదో తెలుస్తుంది. హైమావతి సూది చూసి భయపడింది.

"దీనికి పట్టీ ఉందిగా డాక్టరుగారూ" అంది.

ఆ మాటకి నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. రెండు వేళ్లతో ఊడిపోయే దాన్ని, నేనేం సాక్ష్యం?

ఓ మధ్యాహ్నం ఎండుచేపల వాసనకి మిరియం ఈ ఇంట్లోకి వచ్చింది. కామాక్షి నా హుక్కు తీసి, అటకమీది ఆవాల డబ్బాలో కుక్కింది. కాలేజీ నుంచి వచ్చిన కూతురు వకుళతో, ఏదో దిక్కులేని పిల్లి, మనం పెంచుకుందామని చెప్పింది. తండ్రి పోయాక ఆ పిల్ల నవ్వగా వినడం కామాక్షికి అదే మొదలు. నేనూ విన్నాను. అందుకే ఆమెని పూర్తిగా తిట్టుకోలేను.

ఇవాళ పొద్దున హైమావతి వెతుక్కుంటూ గుమ్మంలోకి వచ్చింది. లోపల పడుకున్న పిల్లిని చూసి, ఇది మా మిరియమే, మెడలో పచ్చ పట్టీ, మువ్వ ఉండాలి కదమ్మా అని అడిగింది. తల్లి కంటే ముందు వకుళే జవాబిచ్చింది.

"మా ఇంటికొచ్చేసరికి దాని మెడలో ఏమీ లేదండీ. అంత ప్రేమున్నవాళ్లు ముందే జాగ్రత్తపడాల్సింది."

"నిజమేనమ్మా. చిప్పు వేయిద్దామంటే నేనే వద్దన్నాను" అని హైమావతి వెళ్లిపోయింది. మిరియం నిద్రపోతోంది. నేను డబ్బాలో మూగగా పడి ఉన్నాను.

ఇప్పుడు చేతుల నిండా చింతపండుతో కామాక్షి, పోపు వేయమని వకుళకి చెప్పింది. పోపుల పెట్టెలో ఆవాలు అయిపోయాయి. వకుళ స్టూలెక్కి నా డబ్బా దించింది. తల్లి "అది వద్దే" అనేలోపే మూత తీసింది.

నన్ను బయటికి లాగి దులిపింది. ఆవాలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. మువ్వ మోగింది. మిరియం లేచి, తోక నిలబెట్టుకుని పరుగున వచ్చి, నా మీద తల రుద్దింది.

వకుళ ముఖం ఎర్రబడింది. పొద్దున తను అన్న మాట తనకే గుర్తొచ్చిందనుకుంటాను.

కామాక్షి తల ఎత్తలేదు. చేతిలో గింజని అలాగే నలుపుతూ, "నువ్వు నవ్వావని..." అంది.

వకుళ స్టవ్ ఆపింది. పిల్లిని భుజానికెత్తుకుని, నన్ను గుప్పిట్లో పట్టుకుని, గుమ్మం దాటి వెనక వీధివైపు నడిచింది.