వరండాలో కుర్చీలు

"అమ్మాయ్, ఇవాళ శనివారం. ఆ తువ్వాలు పట్టుకెళ్ళి కాస్త జాడించి తీసుకురామ్మా," అన్నాడు హెడ్డు గుమాస్తా బసవేశ్వరరావు, ఆ తువ్వాలుతోనే కళ్ళు ఒత్తుకుంటూ.

ప్రమీలారాణి టైపు మిషను మీంచి తలెత్తింది. తెనాలి స్టేషను దగ్గరున్న ఆ ఎరువుల డిపోలో మగవాళ్ళు ఆరుగురు, ఆడది తనొక్కతే. టైపిస్టుగా తీసుకున్ననాడు తువ్వాలు సంగతి ఎవరూ చెప్పలేదు. నీళ్ళకుండ పక్కన మేకుకు వేలాడే ఆ ఒక్క గుడ్డతోనే అందరూ అన్నం తిన్న చేతులు, మూతులు, చెమట మొహాలు తుడుచుకుంటారు. వారం వారం అది ఆమె సంచిలో అంగలకుదురులో ఆమె ఇంటికి చేరుతుంది, సోమవారం తెల్లగా తిరిగొస్తుంది. ఆమె మాత్రం దాంతో ఏనాడూ చెయ్యి తుడుచుకున్నది లేదు. ఆమెకు కొంగుంది.

అది డెబ్బై ఒకటి. వానలు పడ్డాక ఊరంతా కళ్ళకలక. డిపోలో ముందు బసవేశ్వరరావుకొచ్చింది, వెనకాలే ఇంకో ఇద్దరు గుమాస్తాలకు. ముగ్గురివీ ఎర్రటి కళ్ళు, పుసులు, అయినా అందరికీ అదే తువ్వాలు, అదే గ్లాసు. ఈ శనివారం ప్రమీల తువ్వాలు ముట్టుకోకుండా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"కలక తగ్గిందాకా ఆ ముగ్గుర్నీ ఇంటి దగ్గరుండమనండి సార్."

"నాట్ల రోజుల్లోనా! యూరియా కోసం కొల్లూరు నుంచి కూడా రైతులొచ్చి బారులు తీరుంటే?" ఆయన నవ్వాడు. "శుభ్రం సంగతి ఆడవాళ్ళకి బాగా తెలుస్తుంది. నువ్వే ఏదో ఒకటి చెయ్యమ్మా."

"అలాగేనండి," అంది. ఆయన ఆ మాట అప్పుడే మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు.

సోమవారం అందరికంటే ముందొచ్చి తువ్వాలును పెరట్లో చెత్తమంటలో వేసింది. కలకొచ్చిన ముగ్గురి బల్లలూ కుర్చీలూ వరండాలోకి ఈడ్చింది. వాళ్ళకో విడికుండ, విడి గ్లాసులు పెట్టింది. ఎవరి తుండు వాళ్ళు తెచ్చుకోవాలని అట్టమీద రాసి గోడకు తగిలించింది. బసవేశ్వరరావు గొడుగు ముడుచుకుంటూ మెట్లెక్కి అక్కడే ఆగిపోయాడు.

"ఏంటమ్మాయ్ ఇది? నన్ను బయట కూచోబెట్టావేంటి? నేనేవన్నా ముట్టయ్యాననుకున్నావా?"

ఆఫీసు గొల్లుమంది. క్యూలో రైతులు కూడా నవ్వారు. ప్రమీల చెవులు కాలిపోయాయి. నెల నెలా మూడేసి రోజులు ఇంటి వెనక వసారాలో చాప, ముంత, చొట్టపడిన కంచం. కిందటి నెల జల్లు కొట్టి చాప తడిసినా లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. "తగలకు, తగలకు," అంటూ అత్తగారు మాణిక్యాంబ కంచంలోకి పైనుంచి అన్నం పడేసేది. మొగుడు హనుమంతరావు ఆమె చుట్టూ తిరిగి వెళ్ళేవాడు, దారిలో మురుక్కాలవ ఉన్నట్టు. ఆ మూడు రోజులూ పగలు ఆఫీసుకొచ్చి ఇదే మిషను మీద టైపు కొట్టేది, ఆ కాగితాలు ఈ ఆరుగురూ పట్టుకునేవాళ్ళు, ఒక్కడికీ తలనొప్పన్నా రాలేదు. ఆమె ఆయన కుర్చీ ముందుకు లాగింది.

"అది జబ్బు కాదండి బాబాయిగారూ. జబ్బు మీకొచ్చింది. కూర్చోండి."

నోట్లోంచి వచ్చాక గానీ, ఆ మాట ఇన్నాళ్ళూ తనకు తానే చెప్పుకోలేదని ఆమెకు తెలియలేదు.

"ఆ అమ్మాయన్నది నిజవేనయ్యా," అన్నాడు క్యూలో ముందున్న ముసలి రైతు. "మా ఇంట్లో ఒక్కడికొస్తే పశువులు తప్ప అందరికీ అంటుకుంది. నువ్వలా బయటుండే నా రసీదు రాయి." మేనేజరు గుమ్మం దాకా వచ్చి, క్యూ పొడుగు చూసి వెనక్కి తిరిగాడు. బసవేశ్వరరావు గొణుక్కుంటూ కూర్చున్నాడు.

కబురు ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. సాయంత్రం పీటల మీద తల్లీ కొడుకులకు వడ్డించింది. రెండో ముద్ద దగ్గరే హనుమంతరావు మొదలెట్టాడు.

"పదిమంది మగాళ్ళలో ముట్టు గురించి మాట్లాడావంటగా? మిల్లులో నేను తలెత్తుకు తిరగొద్దా? రేపెళ్ళి ఆ హెడ్డు గుమాస్తాగారికి తప్పయిందని చెప్పు."

"ఆ మాట ముందన్నది ఆయనేనండి."

"ఆయన మగాడు, సరదాకంటాడు."

"అసలు ముట్టు జబ్బు కాదని నీకెవరు చెప్పారే?" అంది మాణిక్యాంబ, పప్పు కలుపుకుంటూ.

"జబ్బే అయితే ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా డాక్టరుకి చూపించారా అత్తయ్యా?"

మాణిక్యాంబ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంది. ప్రమీల మజ్జిగ గిన్నె తెచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"తప్పయిందని చెప్పను. వసారాలో ఇంక పడుకోను. నాకు మధ్యాహ్నం ఆఫీసులోనే వచ్చింది. ఇంటికొచ్చి, స్నానం చేసి, నేనే ఎసరు పెట్టాను. మీరిద్దరూ తింటున్నది ఆ అన్నమే. మజ్జిగ పొయ్యమంటారా?"